కచ్చా దారం

ఇందులో ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమో. పాస్టరు గారి కారు షెడ్డుకి వచ్చింది తగువుకి ముందా తర్వాతా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. తర్వాతే అనిపిస్తోంది. అలా అనుకునే చదవండి.

ఓబులేసుకి కావలసింది ఒక్కటే. ఉసేన్‌పీరా ఉస్తాద్ తన చేత్తో ఒక బానెట్ మూయాలి.

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు వెంబడి కార్లకూ లారీలకూ వైరింగ్ పని చేసే రేకుల షెడ్లు చాలా ఉండేవి. ఉసేన్‌పీరా షెడ్డులో మాత్రం ఒక ఆనవాయితీ ఉండేది. పని వచ్చేసిందని శిష్యుడికి నమ్మకం కుదిరిన రోజున, ఒక బండిని మొదటి నుంచి చివరి దాకా తానొక్కడే చేసి, బానెట్ ఎత్తి పెట్టి, పక్కకు తప్పుకోవాలి. ఉస్తాద్ వచ్చి చూస్తాడు. నచ్చితే బానెట్ తనే దించి మూస్తాడు. అంతే. ఆ చప్పుడు విన్న తర్వాత శిష్యుడు ఎక్కడైనా సొంత కొట్టు పెట్టుకోవచ్చు, ఉసేన్‌పీరా శిష్యుణ్ణని చెప్పుకోవచ్చు. నచ్చకపోతే ఉస్తాద్ ఏమీ అనడు. తిట్టడు, దిద్దడు. బానెట్ అలా తెరిచే ఉంటుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో శిష్యుడే వెతుక్కోవాలి.

ఓబులేసు పనిమంతుడు. అందులో ఎవరికీ అనుమానం లేదు. పానాలు, పటకారులు గుడ్డ మీద చిన్నది మొదలు పెద్దది దాకా వరసగా పేర్చుకుంటే గానీ పని మొదలుపెట్టడు. ఇంట్లో నీళ్ళ బిందె మీద చెంబు ఏ పక్కకి తిరిగి ఉండాలో కూడా అతనికి ఒక పద్ధతి. అది తప్పితే, అన్నం ముందు కూర్చున్నవాడు లేచి వెళ్ళి సరిచేసి వచ్చి మళ్ళీ కూర్చుంటాడు. భార్య సుంకులమ్మ మొదట్లో నవ్వేది. తర్వాత అలవాటు పడింది.

సుంకులమ్మ తమ్ముడు సుబ్బరాయుడు కూడా ఆ షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. బావా బావమరిది ఇద్దరూ కలిసి కొర్రపాడు రోడ్డులో కొట్టు పెట్టాలని ఎప్పటి నుంచో అనుకున్నారు. కొట్టు కూడా చూసుకున్నారు. సుబ్బరాయుడిది చురుకైన చెయ్యి. బండి గొణుగుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేసేవాడు. వచ్చినవాళ్ళతో సరసమాడుతూ పని చేసేవాడు. కానీ అతను కట్టిన వైర్లు అక్కడక్కడా కిందికి వేలాడేవి. ఓబులేసుకి అది చూస్తే ఒళ్ళు మండేది.

నిజానికి ఉస్తాద్ కట్టినవీ అలాగే వేలాడేవి. ఉస్తాద్‌కి చూపు తగ్గిందని ఓబులేసు తనలో తాను సర్దిచెప్పుకునేవాడు. చూపు బాగున్న కాలంలో కూడా అలాగే కట్టేవాడన్న సంగతి అతనికి తట్టలేదు.

ఒకరోజు సుబ్బరాయుడు ఒక లారీకి వైరింగ్ అంతా చేసి చేతులు తుడుచుకుంటున్నాడు. లారీ యజమాని అక్కడే నిలబడి ఉన్నాడు. ఓబులేసు వచ్చి చూసి, ఇది వైరింగా బట్టలారేసిన తీగా అంటూ పటకారు తీసి కట్లన్నీ తెంపేశాడు. యజమాని పక్కకి తిరిగి బీడీ వెలిగించుకున్నాడు.

సుబ్బరాయుడు అరవలేదు. చేతులు తుడుచుకుంటున్న గుడ్డ కింద పెట్టి, "బావా, నీకు కావాల్సింది మనిషి కాదు. స్కేలు బద్ద. అంగట్లో దొరుకుతాది, కొనుక్కో," అన్నాడు.

మర్నాడు జమ్మలమడుగు పోయి అక్కడ ట్రాక్టర్ల షెడ్డులో చేరిపోయాడు.

అప్పటి నుంచి సుంకులమ్మకి రెండిళ్ళ మధ్య తిరగడమే పని అయింది. ఆదివారం వస్తే పొద్దున్నే బస్సెక్కి తమ్ముడి దగ్గరికి వెళ్ళేది. సాయంత్రానికి అతని మాట పట్టుకుని తిరిగి వచ్చేది. బావ ఒక్కసారి రమ్మంటే వస్తానని తమ్ముడు. ఆ మాట చెవిన వేస్తే ఓబులేసు దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు.

"నేను పొమ్మన్యానా? నేను ఉన్నచోటే ఉండా. కదిలింది వాడు. రావాల్సిందీ వాడే."

మళ్ళీ ఆదివారం ఆ మాట అటు మోసుకెళ్ళేది. అక్కడ తమ్ముడి ముందు మొగుణ్ణి వెనకేసుకురావాలి, ఇక్కడ మొగుడి ముందు తమ్ముణ్ణి వెనకేసుకురావాలి. ఇద్దరి దగ్గరా పరాయిదైపోయింది. కొళాయి దగ్గర నలుగురినీ నవ్వించే మనిషి బిందె నిండగానే ఎత్తుకుని వచ్చేయడం మొదలుపెట్టింది. కూరలో ఉప్పు తగ్గిందని ఓబులేసు గమనించాడు. ఆమె నోట మాట తగ్గిందని గమనించలేదు.

ఇక తానొక్కడే కొట్టు పెట్టుకోవాలని ఓబులేసు తీర్మానించుకున్నాడు. దానికి బానెట్ మూయించుకోవాలి. ఆ అదను కోసం చూస్తుండగా పాస్టరు దానమయ్య గారి అంబాసిడర్ వచ్చింది.

అది ఎన్ని చేతులు మారిందో పాస్టరు గారికే తెలియదు. ఎవరికి వాళ్ళు తమకి దొరికిన వైరు ముక్కతో అతుకు వేసుకుంటూ పోయారు. ఎరుపు వైరు సగం దూరం వెళ్ళి పచ్చది అయ్యేది. ఎక్కడా తగలని వైర్లు కొన్ని ఊరికే ఉండేవి. లైటు వేస్తే హారన్ సన్నగా మూలిగేది. ఆదివారాలు మూడు నాలుగు పల్లెల్లో ప్రార్థనలకి తిరిగే మనిషాయన. బానెట్ ఎత్తి చూపించి, "ఏ వైరు యాడికి పోతాదో ఆ ప్రభువుకే తెలియాల. నేను అడగడం మానుకున్యా," అన్నారు. అందరూ నవ్వారు.

ఈ బండి నేను చేస్తానని ఓబులేసు ఉస్తాద్‌ని అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో ఉస్తాద్‌కి తెలుసు.

"నువ్వొక్కడివేనా?" అన్నాడు.

"ఒక్కడినే ఉస్తాద్."

 ఉస్తాద్ తలూపి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

ఓబులేసు ఆ బండి మీద ప్రాణం పెట్టాడు. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, బానెట్ కింద పేరుకున్న నూనె జిడ్డంతా కిరసనాయిలు పోసి కుంచెతో తోమి తోమి వదలగొట్టాడు. పాత అతుకులన్నీ పీకేశాడు. పని లేని వైర్లు వెతికి తీసి కుప్ప పోశాడు. ఎలుకలు కొరికిన తొడుగులు, ఎప్పుడో ఎవరో చుట్టిన చీర పీలికలు, అన్నీ ఆ కుప్పలోకే. కొత్త వైరు తెచ్చి, దేనికి ఏ రంగు ఉండాలో ఆ రంగే వేశాడు. కట్టలు కట్టి, నల్ల టేపు ఒక చుట్టు మీద ఒక చుట్టు సమంగా పడేలా చుట్టాడు. మూల తిరిగే చోట మూలమట్టం పెట్టి తిప్పాడు. ప్రతి వైరూ చివరి దాకా లాగి, బిగించి, క్లిప్పు కొట్టాడు. ఎక్కడా ఒక్క వైరు జారలేదు, వేలాడలేదు.

తీరా పూర్తయ్యాక బండి సెల్ఫ్ కొడితే పలికింది. లైట్లు వెలిగాయి. హారన్ నొక్కినప్పుడే మోగింది. పక్క షెడ్ల వాళ్ళు వచ్చి వంగి చూసి, ఇది ఇంజనా పెండ్లికూతురి జడా అని మేలమాడారు. ఓబులేసు నవ్వలేదు. కావాలంటే స్కేలు పెట్టి చూసుకోమన్నాడు. నిజంగానే పెట్టి చూశాడొకాయన. అప్పుడు ఓబులేసు నవ్వాడు.

ఉసేన్‌పీరా టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, నిదానంగా వచ్చాడు. బానెట్ కిందికి వంగాడు. చాలాసేపు చూశాడు. చక్కగా చేశావన్నట్టు ఒకటి రెండు చోట్ల తలూపాడు కూడా. ఓబులేసు గుండె కుదుటపడింది. ఇంజన్ పక్కకి అమర్చిన డైనమో నుంచి, బండి గోడకి బిగించి ఉన్న, బ్యాటరీకి కరెంటు వదిలే కట్ అవుటు డబ్బా దాకా తిన్నగా వెళ్ళే వైరు దగ్గర ఉస్తాద్ వేలు ఆగింది. గోటితో దాన్ని మీటాడు. తంబురా తీగలాగా మోగింది.

ఉస్తాద్ నడుం నిటారు చేసుకున్నాడు. చెయ్యి బానెట్ మీదకి వెళ్ళలేదు.

"ఓబులేసూ, టైలరు జిలానీ కాడికి పోయి కచ్చా దారం ఇంత పట్టుకు రాప్పా," అన్నాడు.

కచ్చా దారమంటే దర్జీలు మొదట బట్ట నిలబడడానికి పైపైన కుట్లు వేసి, అసలు కుట్టు అయ్యాక లాగిపారేసే దారం. వేలితో కాస్త లాగితే తెగిపోతుంది. ఇప్పుడది ఎందుకో ఓబులేసుకి అర్థం కాలేదు. అయినా వెళ్ళి తెచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కదలకుండా నిలబడ్డారు.

ఉస్తాద్ దారం ఒక కొస ఇంజన్ పైన ఉన్న ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ముడివేశాడు. రెండో కొస ఓబులేసు చూపుడువేలికి నాలుగు చుట్లు చుట్టాడు. మోచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించుకుని, దారం బిగువుగా పట్టుకుని నిలబడమన్నాడు.

"ఎంత బిగువు ఉస్తాద్?"

"నీ వైర్లంత. కదలొద్దు."

చెప్పి, వెళ్ళి కారులో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. పడుకున్న గేదె లేచి ఒళ్ళు విదిలించుకున్నట్టు ఇంజన్ ఒక్క ఊపు ఊగి అందుకుంది. దారం పుటుక్కున తెగింది.

ఉస్తాద్ బండి ఆపి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "కదిలినావా?"

"లేదు ఉస్తాద్."

"మళ్ళా కట్టు."

ఓబులేసు మళ్ళీ కట్టుకున్నాడు. ఈసారి ఊపిరి కూడా బిగబట్టాడు. ఇంజన్ ఊగింది. దారం తెగింది. కదిలే ఉంటావని ఉస్తాద్ అన్నాడు. లేదు, రాయి మాదిరి నిలబడ్డానని ఓబులేసు అన్నాడు. చూస్తున్నవాళ్ళు కూడా అతను కదల్లేదనే సాక్ష్యం పలికారు. అతనికి ఉక్రోషం వచ్చింది.

"దారం కచ్చాది ఉస్తాద్. గట్టిదైతే ఎందుకు తెగుతాది?"

ఉస్తాద్ కాదనలేదు. దిగి వచ్చి, పనిముట్ల సంచిలో వెతికి సన్నటి నైలాన్ తాడు ముక్క తీశాడు. ముందులాగే ఒక కొస ఇంజన్‌కి, ఒక కొస ఓబులేసు వేలికి కట్టాడు. మళ్ళీ వెళ్ళి సెల్ఫ్ కొట్టి, ఈసారి యాక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కాడు.

తాడు తెగలేదు. ఇంజన్ ఊగిన ప్రతిసారీ అది వేలిని కరుచుకుంటూ పోయింది. వేలి కొన మొదట తెల్లబడింది, తర్వాత నల్లబడింది. ఓబులేసు పళ్ళు బిగించాడు. చర్మం తెగి నెత్తురు కనపడింది.

"ఆపండి ఉస్తాద్."

ఉస్తాద్ వెంటనే ఆపేశాడు. గబగబా దిగి వచ్చి ముడి విప్పాడు. వేలు కడిగించి, శుభ్రమైన గుడ్డ ముక్క పెట్టి, పైన నల్ల టేపు చుట్టాడు. ఆ షెడ్డులో ఎవరికి ఏ దెబ్బ తగిలినా అదే కట్టు. చుడుతూ చుడుతూ, పిల్లవాడిని అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"నువ్వు కదల్లేదు."

"కదల్లేదు."

"తాడూ తెగలేదు."

"తెగలేదు ఉస్తాద్."

"మరి ఏలు ఏల తెగింది?"

ఓబులేసు వేలికేసి చూసుకున్నాడు. తర్వాత ఇంజన్‌కేసి చూశాడు.

"ఇంజన్ ఊగింది."

"ఊగదా మరి," అన్నాడు ఉసేన్‌పీరా. "అది ఊగబట్టే గదా బండి పోయేది."

మసీదులో సాయంత్రప్పూట అసర్ అజాన్ వినిపించింది. ఉస్తాద్ భుజం మీద తువ్వాలు దులుపుకుని నమాజుకి వెళ్ళిపోయాడు. బానెట్ తెరిచే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు.

ఓబులేసు ఒక్కడే మిగిలాడు. డైనమో దగ్గర తాను బిగించిన వైరు కొస చూశాడు. కొత్త వైరు. నాలుగైదు సార్లు మాత్రమే బండి పలికింది. అప్పుడే కొస దగ్గర రాగి పోగులు రెండు తెగి పైకి లేచి ఉన్నాయి. ఈ బండి పాస్టరు గారి చేతికిచ్చి పంపి ఉంటే ఏ పల్లె దారిలో, ఏ పొద్దులో ఆగిపోయేదో అనుకున్నాడు.

షెడ్డు లోపల ఉస్తాద్ చేసిన జీపు ఒకటి నిలబడి ఉంది. దాని బానెట్ ఎత్తాడు. అతను ఎన్నోసార్లు చూసిన పనే. ఇప్పుడు ఒక్కో వైరు పట్టుకుని వెంట వెళ్ళాడు. బండి గోడ వెంబడి వెళ్ళే వైర్లన్నీ తిన్నగా, తన వాటికంటే తిన్నగా ఉన్నాయి. ఇంజన్ మీద నుంచి గోడకి దాటే చోట మాత్రమే ప్రతి వైరూ కిందికి వంగి, చిన్న ఉయ్యాలలాగా వేలాడుతోంది. ఆ ఒక్క చోటే. ఇన్నాళ్ళూ ఆ ఉయ్యాలలే అతని కంటికి పడ్డాయి.

సుంకులమ్మ గుర్తొచ్చింది. ఆదివారం సాయంత్రం బస్సు దిగి, సంచి చేతిలో పట్టుకుని, లోపలికి రాకుండా గడప దగ్గర కాసేపు నిలబడుతుంది. ఎందుకు నిలబడుతుందో అతను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఈ జీపు ముందు ఆ సంగతి ఎందుకు గుర్తొచ్చిందో అతనికి వెంటనే తెలియలేదు.

ఉస్తాద్ నమాజు చేసుకుని తిరిగి వచ్చేసరికి ఓబులేసు అంబాసిడర్ దగ్గర టేపు విప్పుతున్నాడు. మూలమట్టం పెట్టి తిప్పిన మూలలు, సమంగా పడిన చుట్లు, అన్నీ ఊడదీస్తున్నాడు.  విప్పిన వైరు ఒక కొస డైనమోకి పెట్టి, రెండో కొస పట్టుకుని, జేబులోంచి స్కేలు తీశాడు.

"ఎంత వదలాల ఉస్తాద్? ఒక ఇంచా, రెండా?"

ఉసేన్‌పీరా అతని చేతిలోంచి స్కేలు మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"నన్నడిగితే నాకేం తెలుస్తాది," అన్నాడు. "ఊగేదాన్ని అడుగు."

ఓబులేసు వైరు కొస పట్టుకుని ఇంజన్‌కేసి చూశాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కున్నాడు. పని రేపు పూర్తి చేస్తానని, బానెట్ అలాగే ఉండనీయమని ఉస్తాద్‌తో చెప్పాడు. గుడ్డ మీద పానాలు ఎలా పడి ఉన్నాయో అలాగే వదిలేసి బస్టాండుకేసి నడిచాడు. ఇంటి దారి అటు కాదు.

జమ్మలమడుగులో దిగేసరికి పొద్దు వాలుతోంది. ట్రాక్టర్ల షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాడు. సుబ్బరాయుడు ఒక ట్రాక్టరు కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని పని చేస్తున్నాడు. బయటికి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఎవరో వచ్చారని తెలిసి, చేతిలో పని అయ్యాక వస్తానన్నట్టు కాలు ఆడించాడు. ఓబులేసు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రాయుడూ. ఎట్లుంటే నీకు సరిపోతాదో చెప్పప్పా. వింటా."

కాళ్ళు ఆగిపోయాయి. లోపల పానా చప్పుడు కూడా ఆగిపోయింది. రోడ్డు మీద ఒక లారీ వెళ్ళింది. ఓబులేసు లేవలేదు.

కొంతసేపటికి ట్రాక్టరు కింద నుంచి నూనె మరకల చెయ్యి ఒకటి బయటికి వచ్చి, అరచెయ్యి చాపింది.

"ఆ పటకారు ఇట్లా అందియ్యి బావా."

*

ప్రసన్నా, నువ్వు సుంకులమ్మ వైపు చుట్టానివి కాబట్టి పేర్లు ఒకసారి చూడు. తమ్ముడు సుబ్బరాయుడేనా, సుబ్బన్నా? టైలరు జిలానీనా, జిలాన్ బాషానా? పాస్టరు గారి పేరు మీ అమ్మని అడిగితే తెలుస్తుంది. తప్పయితే దిద్దెయ్యి, నాతో చెప్పక్కర్లేదు. దారం తెగడం, వేలు తెగడం మాత్రం ఎలా ఉన్నవి అలా ఉంచు. అవి నాకు బాగా జ్ఞాపకం.